నాలుగు రేకుల పువ్వు

మీరే చేశారు, మేడం. గింజలమ్మినవాడు నోరు తెరిచి చెప్పాక కూడా నోరు మూసుకున్న మీరు. "ప్లాస్టిక్ లేదు, విషం లేదు, మీ పాపకీ భూమికీ హాని లేదు" అని అట్టముక్క మీద అందంగా అచ్చేయించి, దాన్ని పసిపిల్లల సంచికి జనపనార దారంతో కట్టించిన మీరు. అడిగినవాళ్ళకి సూదక్క చేసిందని చెప్తున్నారు. నిజమే, ఆమే చేసింది. ఆమె ఒప్పుకుంది కూడా. మీరింకా ఒప్పుకోలేదు. అందుకే ఆ ఐదు రోజుల్లో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. చదవండి. సగంలో లేచిపోకండి.

మేడం ఇంటి వెనక కారు షెడ్డులో కారు లేదు. రెండు పొడుగుబల్లలు, ఒక కుట్టుమిషను, గోడవారగా పాత పేపర్ల కట్టలు, గుడ్డపీలికల మూటలు. పని చేసేది ఇద్దరు ఆడవాళ్ళు. పేపర్లు మడిచి, మైదా జిగురు పూసి సంచులు చేసే ఆమె మడతలమ్మ. రెండో ఆమె సూదక్క. భుజం మీది గుడ్డకి దారమెక్కించిన సూది ఎప్పుడూ గుచ్చుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆ సూదితోనే బజారుకెళ్తుంది, ఆ సూదితోనే పిల్లని ఎత్తుకుంటుంది, ఇంతవరకూ ఎవరికీ గుచ్చుకోలేదు.

పుట్టినరోజుకి వచ్చిన పిల్లలు ఇంటికి వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టే రిటన్ గిఫ్టు సంచులవి. ఒక్కోదాంట్లో చెక్క బొంగరం, పెన్సిలు, మట్టిలో పెడితే మొలకెత్తే కాగితం, ఒక గుడ్డపిట్ట. పిట్ట సూదక్క పని. అరచేతిలో ఒదిగేంత ఉంటుంది. పాత దుప్పటిగుడ్డ ఒళ్ళు, ఎర్రపీలిక ముక్కు, పొట్ట నిండా కత్తిరింపుల తుక్కు. మొన్నటిదాకా కళ్ళకి నల్లపూసలు కుట్టేది. ఎవరో తల్లి ఫోన్ చేసి, ప్లాస్టిక్ లేదన్నారు, మరి పిట్ట కళ్ళేమిటి అని నిలదీసింది. మర్నాడే మేడం ఒక మూట తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఎర్రగా, నున్నగా, ఒక్కోదానికి ఒక నల్లచుక్క. గురివింద గింజలు.

"పిట్ట కోసమే పుట్టినట్టు లేవూ?" అంది మేడం, ఫోన్లో వాటి ఫొటో తీసుకుంటూ.

మడతలమ్మ జిగురుతో అంటించేద్దామంది. సూదక్క ఒప్పుకోలేదు. "నీ జిగురు గంట ఆగదమ్మా. పిల్లలు పీకుతారు, నోట్లో పెట్టుకుంటారు, గొంతుకి అడ్డం పడుతుంది. గుచ్చి కుడితే పిట్ట చిరిగినా కన్ను ఊడదు."

పిల్లల మేలు కోరి చెప్పిన మాట అది. ఇది గుర్తుపెట్టుకోండి.

గింజలు ముందురోజే గోరువెచ్చని నీళ్ళలో నానెయ్యాలి. సూదిమొన మంట మీద ఎర్రగా కాల్చి, నల్లచుక్క పక్కనుంచి దించి, తిప్పుతూ అవతలికి తియ్యాలి. తొందరపడితే గింజ చిట్లుతుంది. గుచ్చిన గింజల్ని నాలుగైదు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కోటీ తీసి కుట్టేది సూదక్క. కుట్టుపని వాళ్ళకి నోరు మూడో చెయ్యి. గుండుసూదులైనా, బొత్తాలైనా, దారపు కొసైనా అక్కడే.

ఆ వారం అరవై సంచులు కావాలి. ఆదివారం పొద్దున పదకొండింటికి ఎవరింట్లోనో ఐదేళ్ళ పాప పుట్టినరోజు. సంచికి కట్టే అట్టముక్క వెనక సూదక్క కూరగాయల రంగులో ఐదు వేళ్ళూ అద్ది గుండ్రంగా ముద్ర వెయ్యాలి. ఐదు రేకుల పువ్వులా ఉంటుంది. దానికింద "ఈ చేతులు చేశాయి" అని అచ్చు. ఆ ఆలోచన మేడానిదే. ఎవరు చూసినా బాగుందన్నారు.

గురువారం మధ్యాహ్నానికి యాభై అయ్యాయి. యాభై ఒకటో పిట్ట కంటికి గింజ గుచ్చుతుంటే కాలిన సూది జారి నడిమివేలి కొసలో దిగింది. సూదక్క వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది, పీలిక చుట్టింది, మిగిలిన పది అట్టల మీదా నాలుగు వేళ్ళతోనే ముద్ర వేసింది.

మేడం చూసి మూతి విరిచింది. "నాలుగు రేకులేంటి? సరేలే, చేతిపనంటే అలాగే ఉంటుంది."

చివరి పది పిట్టలూ పొట్ట కుట్టకుండానే గుడ్డలో మూటగట్టుకుని, గుచ్చిన గింజలు ఇరవై లెక్కపెట్టి డబ్బామూతలో వేసుకుని, ఆమె ఇంటికి బయల్దేరింది.

ఇల్లంటే ఒక గది, ముందు ఒక అరుగు. భర్త లారీ మీద ఎక్కడో ఉన్నాడు. అత్త కూతురింటికి వెళ్ళింది. అరుగు మీద వెలుతురు ఉండగానే పని మొదలుపెట్టింది. ఐదేళ్ళ కూతురు బుడ్డి పక్కన చతికిలబడి తుక్కు అందిస్తోంది.

"ఈ పిట్ట పేరేంటమ్మా?"

"పిట్టే."

"పిట్టకి పేరు పిట్టేంటి, నీకు పేరు అమ్మేంటి?"

"నీకు పేరు వాగుడుకాయేంటి? తుక్కు ఇటివ్వు."

కాసేపటికి చూస్తే బుడ్డి పెదాల మధ్య రెండు గింజలు. అచ్చం తల్లిలాగే మూతి బిగించి, కళ్ళు చిట్లించి కూర్చుంది. సూదక్కకి నవ్వొచ్చింది. "అబ్బో, పెద్ద పనిమంతురాలు," అంటూ వాటిని తీసి కుట్టేసింది. ఆ నవ్వు తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో ఆమెకే తెలుసు.

పదో పిట్టకి ఒక కన్ను తక్కువైంది. చాప దులిపింది, మూత బోర్లించింది, అరుగు కింద చీపురు పెట్టి లాగింది. దొరకలేదు. ఎక్కడికో దొర్లి ఉంటుందిలే అనుకుని, మర్నాడు పొద్దున షెడ్డులో డబ్బాలోంచి ఇంకోటి తీసి కుట్టేసింది. అరవై పిట్టలకీ కళ్ళు సరిపోయాయి. చివరి పది పిట్టలూ చివరి పది అట్టల సంచుల్లోకి వెళ్ళాయి. మేడం ఆమె చేతులు పట్టుకుని వీడియో తీసింది.

శుక్రవారం సాయంత్రం అత్త తిరిగొచ్చింది. చేతిసంచి దించుతూనే అరుగు మీది డబ్బామూత చూసింది. దాన్లో ఆ పొద్దున షెడ్డులో గుచ్చుతుంటే చిట్లితే ఆమె పడేసి తెచ్చిన గింజలు రెండున్నాయి. ముసలామె కూర్చోలేదు.

"ఇవెక్కడివే?"

"పిట్ట కళ్ళకి అత్తా. మేడం తెచ్చింది."

"గుచ్చావా వీటిని?"

"గుచ్చకపోతే ఎలా కుడతాను?"

అత్త మూతని రెండు వేళ్ళతో, ఎలకని తోకపట్టి ఎత్తినట్టు ఎత్తి, దూరంగా గోడ మీద పెట్టింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. అప్పుడు చెప్పింది. "మా చిన్నప్పుడు ఎవడికైనా పక్కవాడి మీద పగుంటే, ఈ గింజ నూరి ముల్లుకి పట్టించి వాడి పశువుకి గుచ్చేవాడు. దెబ్బ కనబడేది కాదు. మూడో రోజుకి పశువు పడిపోయేది. పెంకు పగలని గింజైతే రాయిలా దిగిపోతుంది అనేవాళ్ళు. గుచ్చింది, నమిలింది, అది వేరు. లోపలి తెల్లపప్పే విషం."

సూదక్క తన వేలు చూసుకుంది. కొస ఎర్రగా వాచింది. పెదాలు తడుముకుంది. మూడు రోజులు ఈ పెదాలతోనే పట్టుకుంది. అదంతా ఒక క్షణం. ఆ వెంటనే చాప దులిపిన చప్పుడు గుర్తొచ్చింది, తక్కువైన ఇరవయ్యో గింజ గుర్తొచ్చింది, బుడ్డి బిగించిన మూతి గుర్తొచ్చింది.

"బుడ్డీ." పిల్ల గుమ్మంలో నిలబడింది. "నిన్న గింజ మింగావా?"

తల్లి మొహం చూసి బుడ్డి బిక్కచచ్చిపోయింది. తలూపింది.

"మింగావా?"

ఈసారి అడ్డంగా ఊపింది. గట్టిగా అడిగితే అవునంటోంది, బుజ్జగిస్తే కాదంటోంది. అత్త అప్పటికే చెప్పులేసుకుంది. "దాన్నేం అడుగుతావు, ఎత్తుకో."

వీధి చివర ఆరోగ్య కేంద్రం దాకా ఆటో దొరకలేదు. పిల్లని భుజానేసుకుని సూదక్క నడవలేదు, పరుగెత్తింది. భుజం మీద సూది ఎక్కడ గుచ్చుకుంటుందోనని మొదటిసారి భయమేసి దాన్ని పీకి పారేసింది.

అత్త గుడ్డలో చుట్టి తెచ్చిన గింజ చూడగానే డాక్టరమ్మ లేచి నిలబడింది. ఆ లేవడమే సూదక్కని చంపినంత పని చేసింది. ఎప్పుడు, ఎన్ని, గుచ్చినవా, గుచ్చనివా అని అడిగింది. బొగ్గుపొడి కలిపిన నల్లనీళ్ళు పిల్లచేత తాగించారు. సగం తాగింది, సగం కక్కింది. చేతికి సెలైను పెట్టారు.

"మింగిందో లేదో మీకే తెలీదు. మింగిందనే అనుకుని చూడాలి," అంది డాక్టరమ్మ. "వాంతులు, నెత్తురు విరేచనాలు ఇప్పుడే రాకపోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఇక్కడినుంచి కదపొద్దు. మందు లేదు దీనికి. కనిపెట్టుకుని ఉండటమే మందు."

సూదక్క వేలు కూడా కడిగి కట్టు కట్టారు.

"మూడో రోజు," అంది అత్త, ఎవరితోనూ కాదు.

శనివారమంతా సూదక్క పిల్ల పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంది. పొట్ట గుడగుడమంటే ఆమె ఊపిరి ఆగేది. బుడ్డి మూలిగితే చెమటలు పట్టేవి, మూలక్కపోతే ఇంకా పట్టేవి. అలా చూస్తుండగా ఒక లెక్క ఆమె తలలోకి వచ్చి కూర్చుంది. అరవై పిట్టలు. నూట ఇరవై కళ్ళు. ఒక్క గింజకే తన పిల్ల ఇలా పడుకుంది. ఆమె వసారాలోకొచ్చి మేడానికి ఫోన్ చేసింది.

మేడం అంతా విన్నది. "పాప బాగానే ఉంది కదా? మరి?"

"సంచులు ఆపండి మేడం. కళ్ళు తీసేద్దాం. నేనొచ్చి తీస్తాను."

"ఎక్కడివి ఆపేది, నిన్ననే వ్యానెక్కాయి. చూడు, నాకు తెలీదనుకున్నావా? గింజలతను చెప్పాడు, మింగితేనే అని. పిట్ట కళ్ళు ఎవరు మింగుతారు? చెట్టుకి కాసినవే కదా అవి."

"ఉమ్మెత్త కూడా చెట్టుకే కాస్తుంది మేడం."

మేడం గొంతు మెత్తబడింది. "గుచ్చి కుడదామన్నది నువ్వే కదమ్మా. అంటిద్దామని మడతలమ్మ అంటే వద్దన్నావు. అరవై సంచుల మీదా ఉన్నవి నా వేళ్ళా, నీ వేళ్ళా? ఊరుకుంటే నీకే మంచిది. వచ్చేసారి పూసలు మార్చేద్దాం."

ఫోన్ పెట్టేసింది. సూదక్క అయిదు వేళ్ళూ చాపి చూసుకుంది. పువ్వు పువ్వు అని మురిసినవి. దొంగల చేత వేయించే ముద్రలూ ఇవే.

విషయం విని అత్త అంది, "గురివింద గింజకి తన నలుపు తెలీదంటారు. మీ మేడానికి బాగా తెలుసే. కింద పెట్టుకుని కూర్చుంది."

"నన్ను పట్టుకుపోతారు అత్తా."

"పట్టుకుపోతే పోతారు. ఆ పిల్లలకి మూడో రోజు ఎప్పుడొస్తుందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటావా మరి?"

చిరునామా మడతలమ్మ చెప్పింది, వ్యాను చీటీ రాసింది ఆమే కాబట్టి. చెప్పి, "నా పేరు మాత్రం ఎత్తకక్కా," అంది. ఎత్తలేదు.

ఆదివారం పదకొండున్నరకి బుడ్డిని అత్తకి అప్పజెప్పి సూదక్క ఆ ఇంటి గేటు దగ్గరుంది. వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. "పనివాళ్ళు వెనకనుంచి."

"పనికి రాలేదు బాబూ. చేసిన పని విప్పడానికొచ్చాను."

ఏమర్థమైందో, వదిలాడు. లోపల హాలు నిండా పిల్లలు. కేకు అప్పుడే కోశారు. గుమ్మం పక్కన బల్ల మీద అరవై సంచులు బారుగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదాంట్లోంచి ఒక ఎర్రకన్ను బయటికి చూస్తోంది. పుట్టినరోజు పాప తల్లి చేతిలో కత్తి, వేళ్ళనిండా క్రీము. సూదక్క ఆమె దగ్గరకెళ్ళి ఒకే ఊపిరిలో చెప్పేసింది.

ఆ తల్లి వెంటనే మేడానికి ఫోన్ కలిపింది. వింటూ సూదక్కని పైనుంచి కిందకి చూసింది. "పనిలోంచి తీసేశారట కదా నిన్ను? కోపంతో వచ్చావంటున్నారు. అసలు ఇవి నువ్వు చేసినవే కాదంటున్నారు."

సూదక్క ఒక సంచి అందుకుని అట్టముక్క తిప్పి బల్ల మీద పెట్టింది. కట్టు విప్పింది. కేకు క్రీములో ఐదు వేళ్ళూ అద్ది, పక్కనున్న కాగితం పళ్ళెం మీద గుండ్రంగా నొక్కింది. చూపుడువేలి మీద ఎప్పటిదో ఇస్త్రీపెట్టె కాల్చిన గీత ఉంది. పళ్ళెం మీది రేకులో ఆ గీత, అట్ట మీది రేకులో అదే గీత.

"ఇవి నా వేళ్ళమ్మా. చేసింది నేను. గుచ్చుదామన్నదీ నేనే. చేసినదాన్నే వచ్చి విషమని చెప్తున్నాను. ఇంతకంటే ఆధారం నా దగ్గర లేదు. నా పిల్ల ఆస్పత్రిలో ఉంది."

ఆ తల్లి రెండు ముద్రలూ చూసింది. ఫోన్లో మేడం ఇంకా మాట్లాడుతూనే ఉంది. దాన్ని కట్టేసి, "కత్తెర తీసుకురండి," అని లోపలికి కేకేసింది.

నలుగురు పెద్దవాళ్ళు నేల మీద కూర్చుని కళ్ళు కోశారు. సూదక్క ఒక్కో గింజనీ గాజుసీసాలో వేస్తూ లెక్కపెట్టింది. పిల్లలు చుట్టూ మూగారు. ఒకమ్మాయి ఏడుపు అందుకుంది, "పిట్టలు గుడ్డివైపోయాయి."

"గుడ్డివి కాదు తల్లీ," అంది సూదక్క. పెన్ను తీసుకుని కన్ను ఉండాల్సిన చోట కిందకి వంగిన చిన్న గీత గీసింది. "నిద్రపోతోంది. లేపకూడదు మరి."

ఇక పిల్లలందరికీ నిద్రపోయే పిట్టే కావాలి. అరవై పిట్టలూ కళ్ళు మూసుకుని ఏ సంచిది ఆ సంచిలోకే వెళ్ళాయి. నూట పద్దెనిమిది, నూట పంతొమ్మిది, నూట ఇరవై. సూదక్క మూత బిగించింది. శుక్రవారం నుంచి మొదటిసారి మంచినీళ్ళు అడిగి తాగింది. పిల్లలు ఒక్కొక్కరే సంచి ఊపుకుంటూ గేటు దాటుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

ఆస్పత్రికి చేరేసరికి బుడ్డి మంచం మీద లేచి కూర్చుని రొట్టె నములుతోంది. సెలైను తీసేశారు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "ఏ లక్షణమూ లేదు. మింగలేదనే నా నమ్మకం. ఇంటికి తీసుకెళ్ళండి," అంది. అత్త చీర కొసతో కళ్ళు తుడుచుకుంది. సూదక్క పిల్ల తల మీద మొహం ఆనించింది. ఇప్పుడు గొంతులో భయం లేదు కాబట్టి, అడగాల్సిన మాట అడగాల్సిన తీరులో వచ్చింది.

"ఆ గింజ ఏం చేశావే బంగారం?"

మూడు రోజులుగా అందరూ మింగావా, మింగావా అనే అడిగారు. ఏం చేశావని ఎవరూ అడగలేదు.

"పిట్టకి పెట్టా," అంది బుడ్డి రొట్టె నములుతూ.

"ఏ పిట్టకి?"

"ఆకలేస్తుంది కదా దానికి. పొట్ట తెరిచి ఉంది. తుక్కులో పెట్టా. నువ్వు కుట్టేశావు."

సూదక్క పిల్ల తల మీంచి మొహం ఎత్తింది. నిద్రపోయే పిట్టలు గేటు దాటి వెళ్ళడం కళ్ళముందు మళ్ళీ కదిలింది. తనే గీత గీసింది, తనే సంచిలో పెట్టింది. తన పిల్ల బతికిందని తెలిసిన క్షణంలోనే ఇంకెవరి పిల్లదో మూడో రోజు మొదలైంది.

ఏ పిట్ట? ఇంట్లో కుట్టిన పదింట్లో ఒకటి. ఆ పది ఏవి? ఆమె సూది దిగిన వేలు పైకెత్తి చూసుకుంది. పీలిక చుట్టుకుని నాలుగు వేళ్ళతో ముద్ర వేసింది ఆ పది పిట్టల సంచుల అట్టల మీదే. నాలుగు రేకులు. తనని పట్టిస్తాయని వణికిన ముద్రలే ఇప్పుడు ఆ పిట్టని పట్టివ్వాలి.

పుట్టినరోజు పాప తల్లికి ఫోన్ చేసింది. ఆమె ఒక్క మాట ఎదురనలేదు, పేర్ల జాబితా ముందేసుకుని సాయంత్రం దాకా ఫోన్లు చేస్తూనే ఉంది. సోమవారం మధ్యాహ్నానికి నాలుగు రేకుల సంచులు తొమ్మిది దొరికాయి. సూదక్క ఇల్లిల్లూ తిరిగి తొమ్మిది పొట్టలూ స్వయంగా విప్పింది, తుక్కంతా పీలికపీలికగా దులిపింది. లేదు. తొమ్మిదింటిలోనూ లేదు.

పదోది ఎవరో చుట్టాలతో వచ్చిన చుట్టాల పిల్లకి ఇచ్చారట. ఏ ఊరివాళ్ళో పిలిచినవాళ్ళకే సరిగ్గా తెలీదు.

మేడం, మీ వీడియోలు వేలమంది చూస్తారు. సూదక్క చేతులు పట్టుకుని నవ్వినది తీసి పారేయండి. ఆ చోటే నిలబడి, గింజ విషమని మీకు ముందే తెలుసని చెప్పండి. ఈ గింజలు పెట్టి ఇంకెక్కడైనా సంచులు చేయించి ఉంటే, ఎన్ని, ఎవరికి పంపారో ఈరోజే బయటపెట్టండి. ఇంకెప్పుడూ పిల్లల చేతికిచ్చే దేనికీ ఈ గింజ గుచ్చబోమని మీలాంటి వ్యాపారం చేసేవాళ్ళందరూ రాసివ్వండి.

మిగిలినవాళ్ళకి ఒకటే మాట. ఇంట్లో పిల్లల సామాన్ల బుట్ట బోర్లించండి. కళ్ళు మూసుకున్న గుడ్డపిట్ట, సంచికి కట్టిన అట్ట వెనక నాలుగు రేకుల పువ్వు. దొరికితే ముందు పిల్ల చేతిలోంచి తీసుకోండి. పిట్ట పొట్ట విప్పండి. గింజ ఉంటే సీసాలో వేసి మూత బిగించండి, లేకపోతే పిల్లని ఎత్తుకుని డాక్టరు దగ్గరకి పరుగెత్తండి. పిల్లని మింగావా అని గద్దించకండి. ఏం చేశావని అడగండి.

ఇది చదవడం పూర్తయింది కదా. లేవండి.